పిల్లల ట్యూబు కఫ్‌లో పీడనం ఎంత? విశాఖ థియేటరు నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

పిల్లలకు మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేసేటప్పుడు శ్వాసనాళంలోకి పంపే ట్యూబు చివర చుట్టూ ఒక చిన్న గాలి సంచి ఉంటుంది. దానినే కఫ్ అంటాం. సిరంజితో గాలి ఎక్కించినప్పుడు అది ఉబ్బి శ్వాసనాళపు గోడకు ఆనుకుంటుంది. దానివల్ల యంత్రం పంపే గాలి ట్యూబు పక్కల నుంచి బయటికి పోదు, నోటిలోని రక్తమూ లాలాజలమూ ఊపిరితిత్తుల్లోకి దిగవు. ఆ కఫ్‌లో ఎంత పీడనం ఉండాలో పుస్తకాలలో అంకెలు ఉన్నాయి. మా థియేటర్లలో మాత్రం దానిని ఇంతవరకు వేళ్లే తేలుస్తున్నాయి: కఫ్‌కు సన్నని గొట్టంతో కలిసి బయట వేలాడే పైలట్ బెలూన్ అనే చిన్న బుడగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూసి, చాలనిపించినప్పుడు సిరంజి తీసేస్తాం. మెతుకు పట్టి చూసే వేళ్లకు ఉడికిందో లేదో తెలుస్తుంది గాని అంకె తెలియదు. ఈ అలవాటును మార్చి, ట్యూబు పెట్టిన ప్రతి బిడ్డకూ కఫ్ పీడనాన్ని కొలవడం, దానిని 20 సెంటీమీటర్ల నీటి పీడనం దాటనివ్వకపోవడం, 25 దాటిన ప్రతిసారీ కారణంతో సహా రాసిపెట్టడం ఈ ప్రాజెక్టు పని. ఈ డైరీలో ఇకపై ఉత్త అంకె వేస్తే అది సెంటీమీటర్ల నీటి పీడనమేనని గ్రహించాలి.

ఇంత ఆలస్యంగా ఎందుకు మొదలవుతోందంటే, చిన్నపిల్లలలో కఫ్ అన్నదే మన దగ్గర ఒకప్పుడు నిషిద్ధం. ఎనిమిదేళ్ల లోపు వారికి కఫ్ లేని ట్యూబే పెట్టాలని మేము చదువుకున్న పుస్తకాలు చెప్పేవి. పిల్లల స్వరపేటిక గరాటు ఆకారంలో ఉంటుందనీ, అన్నిటికంటే ఇరుకైన చోటు స్వరపేటిక అడుగున ఉండే మృదులాస్థి ఉంగరం క్రికాయిడ్ అనీ, సరిగ్గా సరిపోయే ట్యూబు పెడితే ఆ ఉంగరమే కఫ్ పని చేస్తుందనీ అప్పటి వివరణ. తరువాత ఎమ్మారై చిత్రాలూ, శ్వాసనాళంలోకి గొట్టం పంపి చూసే బ్రాంకోస్కోపీ కొలతలూ ఆ గరాటు బొమ్మను చాలావరకు కొట్టివేశాయి. 2009లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో యూరప్‌లోని 24 కేంద్రాలు ఐదేళ్ల లోపు పిల్లలు 2246 మందిని పరిశీలించాయి. ట్యూబు తీశాక గొంతులో గరగర శబ్దం, అంటే స్ట్రైడార్, కఫ్ ఉన్న ట్యూబుతో 4.4 శాతం మందిలో, కఫ్ లేని ట్యూబుతో 4.7 శాతం మందిలో కనిపించింది. తేడా లేదనే చెప్పాలి. సైజు కుదరక ట్యూబు మార్చవలసి వచ్చిన వారు మాత్రం వరుసగా 2.1 శాతం, 30.8 శాతం. కఫ్ లేని ట్యూబుతో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి రెండోసారి గొంతులో పరికరం పెట్టవలసి వచ్చిందన్నమాట.

అయితే ఆ అధ్యయనాన్ని చూపి కఫ్ ట్యూబులు వాడటం మొదలుపెట్టిన వారిలో చాలామంది అందులోని షరతును పట్టించుకోలేదు. అక్కడ కఫ్ పీడనాన్ని కొలిచారు, 20 దాటనివ్వలేదు, గాలి లీకు ఆగడానికి సగటున 10.6 మాత్రమే సరిపోయింది. ట్యూబును తెచ్చుకుని కొలతను అక్కడే వదిలేస్తే ఆ ఫలితాలు మనకు వర్తించవు.

20 అన్న హద్దు ఎక్కడిదన్న ప్రశ్న మొదటి సమావేశంలోనే వచ్చింది. 1984లో సీగోబిన్, వాన్ హాసెల్ట్ అనే ఇద్దరు పెద్దవారి శ్వాసనాళంలోకి ఎండోస్కోపు పంపి, కఫ్ ఆనిన చోట లోపొర రంగు ఎలా మారుతుందో ఫొటోలు తీశారు. పీడనం 30 దాటిన దగ్గర నుంచి రక్త ప్రసరణ తగ్గింది. 50 దగ్గర ఆ చోట పూర్తిగా ఆగిపోయింది. పసిపిల్లల రక్తపోటు పెద్దవారి కంటే తక్కువ కాబట్టి అదే పీడనం వారి లోపొరను ఇంకా తొందరగా రక్తం లేకుండా చేస్తుందనుకోవడం సబబు. వాపు విషయంలోనూ అంతే. పెద్దవారికి ఒక మిల్లీమీటరు వాపు గొంతు నొప్పితో పోతుంది. నాలుగు మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న శిశువు శ్వాసమార్గంలో చుట్టూ ఒక మిల్లీమీటరు వాచిందంటే వ్యాసం సగమై, గాలికి ఎదురయ్యే నిరోధం పదహారు రెట్లవుతుంది.

జూన్, మూడో వారం

పరికరాల సంగతి. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) చుట్టుపక్కల సర్జికల్ దుకాణాలలో కఫ్ పీడనం కొలిచే మానోమీటర్లు దొరుకుతాయి గాని, అడిగిన వెంటనే చేతికి రావు. చాలాచోట్ల తెప్పించి ఇస్తామంటారు. మాకు వచ్చినవి చేతిలో ఇమిడే గుండ్రని డయల్, రబ్బరు బల్బు, గాలి వదిలే మీట ఉన్న మామూలు రకం. డయల్ మీద అంకెలు నీటి సెంటీమీటర్లలోనే ఉన్నాయా, పాదరసం మిల్లీమీటర్లలో ఉన్నాయా అన్నది కొనేటప్పుడే చూసుకోవాలి. ఒక మి.మీ. పాదరసం 1.36 సెం.మీ. నీటికి సమానం కాబట్టి, పాదరసం డయల్ మీద 20 చూసి సంతోషించిన వారి కఫ్‌లో నిజానికి 27 ఉంటుంది.

వచ్చిన డయల్‌ను నమ్మాలా వద్దా అని తేల్చడానికి నీటి మట్టం కంటే నిక్కచ్చి సాధనం లేదు. కొలత పేరే నీటి సెంటీమీటరు. మా ఓటీ టెక్నీషియన్ ఒక ప్లైవుడ్ చెక్క మీద పారదర్శకమైన గొట్టాన్ని యు ఆకారంలో బిగించి, మధ్యలో స్కేలు అతికించి, రంగు కనిపించడానికి నీటిలో రెండు చుక్కల మిథిలీన్ బ్లూ కలిపాడు. ఒక కొసకు మూడు దారులున్న చిన్న కుళాయి, అంటే త్రీవే, దానికి ఒక పక్క సిరంజి, మరో పక్క మానోమీటరు. సిరంజిని మెల్లగా తోస్తే ఒక భుజంలో నీరు దిగుతుంది, రెండో భుజంలో లేస్తుంది. ఇక్కడ చదివేది రెండు మట్టాల మధ్య తేడా. 20 కావాలంటే ఒక పక్క పది దిగి, మరో పక్క పది లేస్తే చాలు. ఒక భుజంలోనే 20 లేచేదాకా తోస్తే ఉన్న పీడనం 40. ఈ మాట చెక్క మీదే పెద్ద అక్షరాలతో రాయించాను, ఎందుకంటే కొత్తగా వచ్చే పీజీలు దీనినే వాడుకుని నేర్చుకుంటారు.

10, 20, 30, 40 దగ్గర ప్రతి డయల్‌నూ నీటితో సరిచూశాం. ఒకదాని ముల్లు గాలి లేనప్పుడు కూడా సున్నా మీద నిలవలేదు, దానిని తిప్పి పంపించాం. మిగిలినవి పనికొచ్చేలా ఉన్నాయి. సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో సన్నని లోహపు స్ప్రింగుల మీద ఎక్కువ కాలం భరోసా పెట్టుకోలేం కాబట్టి నెలకొకసారి నీటితో సరిచూడాలని ఆ చెక్కను స్టోరు గదిలోకి పంపకుండా థియేటరు కారిడార్‌లోనే మేకుకు తగిలించాం.

నీటి గొట్టాన్ని నేరుగా పిల్లల కఫ్‌కే కలిపితే డయల్ కొనే ఖర్చు తప్పుతుంది కదా అని ఒకరు అడిగారు. దానికి నేను ఒప్పుకోలేదు. చెక్క కాస్త ఒరిగినా, ఎవరైనా సిరంజిని వెనక్కి లాగినా నీరు పైలట్ గొట్టంలోకి పోతుంది, ఆ సన్నటి గొట్టంలో చేరిన నీరు తరువాత గాలిని తీయనివ్వదు. నీటి చెక్క డయల్‌ను పరీక్షించడానికి మాత్రమే.

జులై, మొదటి వారం

ఈ వారమంతా బిడ్డ లేని ప్రయోగాలే. రెండు మి.లీ. సిరంజి గొట్టం లోపలి వ్యాసం సుమారు 9 మి.మీ. ఉంటుంది, చిన్నపిల్లల శ్వాసనాళానికి అది దగ్గరి కొలత. దాని కొసలు కోసి, లోపల ట్యూబు ఉంచి, కఫ్‌లోకి కొంచెం కొంచెంగా గాలి ఎక్కిస్తూ ముల్లును గమనించాం. ఇన్సులిన్ సిరంజి వాడితేనే ఈ పని కుదిరింది. మొదట చాలాసేపు ముల్లు కదలదు, కఫ్ గోడ ముడతలు విప్పుకుంటూ ఉంటుంది. గోడకు పూర్తిగా ఆనిన తరువాత ముల్లు ఒక్కసారిగా పైకి పోతుంది. లీకు ఆగే చోటుకూ ప్రమాదపు అంకెకూ మధ్య ఉన్న గాలి మిల్లీలీటరులో పదో వంతుల లెక్కే. పెద్దవారికి అలవాటుపడిన చేతితో ఐదు మి.లీ. సిరంజి పట్టుకుంటే ఆ తేడా బొటనవేలి కింద తెలియనే తెలియదు.

వేళ్ల పరీక్ష కూడా పెట్టాం. డయల్‌ను తువ్వాలు కింద దాచి, సహచరులను పైలట్ బెలూన్ నొక్కి సరైన పీడనం వచ్చిందనిపించినప్పుడు ఆపమన్నాం. పేర్లు రాయలేదు. ఎక్కువమంది హద్దు దాటి చాలా దూరం పోయిన తరువాతే ఆగారు. అనుభవం ఎక్కువ ఉన్నవారు తక్కువ తప్పారన్నది కూడా కనిపించలేదు. ఎవరినీ ఒప్పించడానికి నేను ఉపన్యాసం ఇవ్వనవసరం లేకపోయింది. తువ్వాలు తీసినప్పుడు ముల్లు ఎక్కడుందో వారే చూశారు.

అసలు చిక్కు ఆ తరువాత కనిపించింది. కఫ్‌ను తెలిసిన పీడనానికి నింపి, మానోమీటరు విడదీసి, వెంటనే మళ్లీ కలిపితే ముల్లు ముందు అంకె దగ్గర నిలవడం లేదు. ప్రతిసారీ తక్కువే చూపిస్తోంది. లీకు ఉందేమోనని కఫ్‌ను నీటిలో ముంచి చూశాం, బుడగలు రాలేదు. కారణం మానోమీటరు గొట్టంలోనే ఉంది. రెండు మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఒక మీటరు గొట్టంలో సుమారు 3 మి.లీ. గాలి పడుతుంది, డయల్ లోపలి తిత్తిలో మరికొంత. కలపకముందు ఆ గాలి బయటి వాతావరణంతో సమానమైన పీడనంలో ఉంటుంది. కలిపిన క్షణాన దానిని తన స్థాయికి నొక్కే గాలి కఫ్ లోంచే రావాలి. పెద్దవారి కఫ్‌లో అన్ని మిల్లీలీటర్ల మధ్య ఈ కాస్త గాలి పోయినా లెక్కలోకి రాదు. మొత్తం గాలే ఒక మి.లీ. చుట్టుపక్కల ఉన్న కఫ్‌లో పదో వంతు గాలి పోయిందంటే, ముల్లు ఒక్కసారిగా లేచే ఆ దశలో పీడనం జారిపోతుంది. అంటే పిల్లల కఫ్‌ను కొలిచే పనే కొలవవలసిన దానిని మార్చివేస్తోంది. డయల్ 18 చూపించిందని రాసుకుంటాం. బిడ్డ గొంతులో అంతకు ముందు అరగంట సేపు ఎంత ఉందో ఆ అంకె చెప్పదు.

దీనికి ఈ వారం రెండు ఉపాయాలు పరీక్షించాం. మొదటిది, పొడవు గొట్టం తీసేసి అరచేతి పొడవు గొట్టమే వాడటం; పోయే గాలి అదే నిష్పత్తిలో తగ్గింది. రెండోది నాకు ఎక్కువ నచ్చింది. గొట్టం చివర త్రీవే పెట్టి, దానిని మూసి, బల్బు నొక్కి మానోమీటరును ముందే 20కి తెచ్చి ఉంచాలి. ఆ తరువాత పైలట్ వాల్వుకు కలిపి త్రీవే తెరవాలి. గొట్టంలోని గాలి ఇప్పటికే 20 దగ్గర ఉంది కాబట్టి కఫ్ కూడా 20 దగ్గర ఉంటే ముల్లు కదలదు. ముల్లు పైకి కదిలితే కఫ్ హద్దు దాటి ఉందని అర్థం, కిందికి కదిలితే తక్కువగా ఉందని. ఎంత ఎక్కువో కచ్చితంగా తెలియకపోయినా ఎక్కువా తక్కువా అన్నది అబద్ధం కాకుండా తెలుస్తుంది, మొదటి నిర్ణయానికి అది చాలు.

జులై, నాలుగో వారం

థియేటరులో మొదలుపెట్టాం. గ్రహణమొర్రి, అంగిలి చీలిక, టాన్సిల్స్, కాలిన గాయాల ముడతలు, లాప్రోస్కోపీతో తీసే అపెండిక్స్ కేసులను తీసుకున్నాం. హెర్నియా వంటి చిన్న శస్త్రచికిత్సలకు శ్వాసనాళంలోకి దిగకుండా స్వరపేటిక మీదే ఆనే లారింజియల్ మాస్క్ వాడతాం, దాని కఫ్ హద్దులు వేరు కాబట్టి దానిని ఈ లెక్కలో కలపలేదు.

ట్యూబు సైజు ముందు తేలాలి. రెండేళ్లు దాటిన పిల్లలకు వయసును నాలుగుతో భాగించి మూడున్నర కలిపే సూత్రాన్ని గోడకు అంటించాం. కఫ్ లేని ట్యూబుకు నాలుగు కలిపే పాత సూత్రం చాలామందికి ఇంకా నోటికి ఉంది, అదే కఫ్ ట్యూబుకూ వాడేస్తారు. ట్యూబు పెట్టాక, కఫ్‌లో గాలి లేకుండానే, బ్యాగుతో మెల్లగా 20 వరకు పీడనం ఇచ్చి గొంతు దగ్గర స్టెతస్కోపు ఆన్చి వినాలి. పక్కల నుంచి గాలి పోతున్న శబ్దం రావాలి. రాకపోతే ట్యూబే పెద్దదని అర్థం. అప్పుడు కఫ్‌లో సున్నా ఉన్నా క్రికాయిడ్ దగ్గర ట్యూబు గోడే ఒత్తుతూ ఉంటుంది, ఆ ఒత్తిడిని ఏ మానోమీటరూ చూపించదు. కఫ్ పీడనం మీద ఇంత పని చేస్తూ నేను ఈ మాట పదేపదే అంటున్నానని మా పీజీలు నవ్వుతున్నారు. డయల్ మంచి అంకె చూపిస్తోందన్న ధీమాతో సైజు సంగతి మరచిపోయే ప్రమాదం నిజంగానే ఉంది.

అంగిలి కేసులలో చూసింది వివరంగా రాయాలి. ట్యూబు పెట్టినప్పుడు తల మామూలుగా ఉంటుంది. అప్పుడు 15 నుంచి 20 మధ్య సరిచేస్తాం. ఆ తరువాత భుజాల కింద దిండు పెట్టి మెడను బాగా వెనక్కి వంచుతారు, నోటిని తెరిచి ఉంచే గాగ్ బిగిస్తారు. తల వెనక్కి వాలితే ట్యూబు చివర పైకి, స్వరతంత్రుల వైపు జరుగుతుంది. తల ముందుకు వంగితే లోపలికి దిగుతుంది. శిశువులో ఈ జరుగుడుకు ఉన్న చోటే కొన్ని మిల్లీమీటర్లు. కఫ్ పైకి జరిగి, పూర్తి ఉంగరమై ఏ పక్కకూ సాగని క్రికాయిడ్ లోకి వస్తే, లోపలి గాలి అంతే ఉన్నా పీడనం లేస్తుంది. గాగ్ నాలుక పలక ట్యూబును అదిమినప్పుడు కూడా ముల్లు కదలడం చూశాం. అందువల్ల మొదట రాసుకున్న నియమాన్ని మార్చాం: ట్యూబు పెట్టాక ఒకసారి, గాగ్ బిగించి సర్జన్ కుర్చీలో కూర్చున్నాక ఇంకోసారి, ఆ తరువాత ప్రతి అరగంటకు. రెండో కొలత లేకుండా మొదటి కొలతను షీటులో రాయడానికి గడి కూడా ఉంచలేదు. గాగ్ బిగించాక నన్ను ఆగమంటున్నారేమిటని ఒక సర్జన్ మొదట విసుక్కున్నారు, తరువాత ఆయనే "మేడమ్, ముల్లు ఎంత చూపిస్తోంది?" అని అడగడం మొదలుపెట్టారు.

లాప్రోస్కోపీలో పొట్టలోకి గ్యాసు నింపినప్పుడు డయాఫ్రమ్ పైకి లేచి, దానితో పాటు శ్వాసనాళం చీలే చోటు కూడా పైకి వస్తుంది. అక్కడ ముందు వినవలసింది రెండు ఊపిరితిత్తుల శబ్దం, తరువాత చూడవలసింది కఫ్.

నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు వాడే గదిలో ముల్లు ఎవరూ ముట్టుకోకుండానే పైకి పాకుతుంది. కఫ్ పొర గుండా నైట్రస్ లోపలికి పోయే వేగంతో లోపలి నైట్రోజన్ బయటికి రాలేదు. మెడికల్ ఎయిర్ లైను ఉన్న గదులలో నైట్రస్ మానేశాం. లేని గదిలో కఫ్‌ను గది గాలితో కాక శ్వాస సర్క్యూట్ లోని గ్యాసుతోనే నింపుతున్నాం. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర సిరంజిలోకి తీసిన గాలి గొంతులో 37 డిగ్రీలకు చేరితే సుమారు ఐదు శాతం వ్యాకోచిస్తుంది, అది కూడా మొదటి పావుగంట ఖాతాలో వేసుకోవలసిందే.

ఆగస్టు, రెండో వారం

రికవరీ గదిలో ఒక తల్లి, విజయనగరం వైపు నుంచి వచ్చినావిడ, "ఏటమ్మా డాక్టరమ్మా, పిల్లోడి గొంతు ఇలాగైపోనాది?" అని అడిగింది. టాన్సిల్స్ తీసిన బిడ్డ గొంతు బొంగురుపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, అన్నీ కఫ్ మీద వేయలేం. అయినా ఆ ప్రశ్న తరువాత రికవరీ సిస్టర్లు రాసే షీటులో మూడు గడులు చేర్చాం: గొంతు బొంగురు, కుక్క మొరిగినట్టుండే దగ్గు, శ్వాస లోపలికి తీసేటప్పుడు గరగర. మూడోది ఉంటే వెంటనే మమ్మల్ని పిలవాలి, ఆక్సిజన్‌తో పాటు అడ్రినలిన్ నెబ్యులైజేషన్ సిద్ధం చేయాలి.

ఈ వారం పెద్ద పని విడదీయకుండా కొలవడం. కలిపి విడదీయడమే చిక్కయినప్పుడు, కలిపినది కలిపే ఉంచడం తేలిక దారి. పొట్టి గొట్టంతో మానోమీటరును త్రీవే ద్వారా కేసు పొడవునా కలిపి ఉంచితే సరిపోతుంది, కాని దాని బరువు పైలట్ గొట్టాన్ని లాగకుండా దిండుకు కట్టాలి. సర్జన్లు తల దగ్గరే పనిచేసే కేసులలో అది వీలుపడలేదు. అక్కడ రక్తపోటును ధమనిలో కొలవడానికి వాడే ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్‌ను వాడాం. గాలి వైపు తెరిచి సున్నా చేసి, పైలట్ వాల్వుకు కలిపితే మానిటర్ తెర మీద కఫ్ పీడనం గీతగా నడుస్తుంది. మానిటర్ పాదరసం మిల్లీమీటర్లలో చూపిస్తుంది కాబట్టి మాకు కావలసినది 10 నుంచి 15. పై అలారం 15 దగ్గర పెట్టాం, అది 20 సెం.మీ. నీటికి కొద్దిగా ఎక్కువ. వెంటిలేటర్ ఒక్కొక్క శ్వాస ఇచ్చినప్పుడల్లా గీత చిన్నగా లేచి పడటం కనిపిస్తుంది. శ్వాసకు శ్వాసకు మారుతున్న దానిని అరగంటకొకసారి ఒక అంకెగా రాసుకుంటున్నామన్న సంగతి ఆ గీత చూసినప్పుడే నాకు పూర్తిగా అర్థమైంది.

ఇందులో ఉన్న ప్రమాదాన్ని దాచకూడదు. ధమని పీడనం కొలిచే అమరికలో ట్రాన్స్‌డ్యూసర్‌కు ఒక ఫ్లష్ బ్యాగు ఉంటుంది, దానిని 300 మి.మీ. పాదరసం పీడనానికి బిగిస్తారు. అలవాటు చొప్పున ఎవరైనా దానిని కఫ్ లైనుకూ తగిలిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుకని ఫ్లష్ గొట్టాన్ని కోసి తీసేసి, ఆ రంధ్రానికి బిరడా బిగించి, లైను పొడవునా పసుపు టేపు చుట్టి, రెండు చోట్ల "కఫ్, గాలి మాత్రమే" అని రాసి అతికించాం. పైలట్ వాల్వుకూ ఐవీ లైనుకూ ఒకే సిరంజి కుదురుతుంది కాబట్టి, మందు సిరంజి పట్టుకున్న చేయి తొందరలో ఇటు రావచ్చు. కఫ్ లైనును బల్లకు ఎడమ పక్క, మందుల లైనును కుడి పక్క ఉంచడం ఇప్పుడు రాసిన నియమం. ట్రాన్స్‌డ్యూసర్ ఖరీదైనది, ఒక్కసారి వాడేది. కాబట్టి ఏడాది లోపు శిశువులకూ, రెండు గంటలు మించే తల, మెడ కేసులకూ మాత్రమే. మిగిలిన అందరికీ పొట్టి గొట్టపు మానోమీటరే.

ఆగస్టు, నాలుగో వారం

అరకు వైపు నుంచి ఘాట్ రోడ్డు మీద ట్యూబుతో వచ్చిన ఒక బిడ్డ అత్యవసర శస్త్రచికిత్సకు చేరాడు. వచ్చేసరికి కఫ్ చుట్టూ గాలి లీకవుతోంది, కఫ్‌లో పీడనం లేనట్టే ఉంది. వాల్వు పాడైందేమోనని చూస్తే బాగానే ఉంది. లెక్క వేస్తే సంగతి తెలిసింది. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి వాతావరణ పీడనం విశాఖ తీరంలో కంటే సుమారు పదో వంతు తక్కువ. కొండ మీద నింపిన గాలి తీరానికి దిగేసరికి ఆ మేరకు కుంచించుకుపోతుంది. మిల్లీలీటరులో పదో వంతు అంటే ఎంతో జులైలో సిరంజి గొట్టంలో చూశాం కదా. పైగా ఆ ఘాట్ రోడ్డులోని గాలికొండ దగ్గర దారి లోయ కంటే ఎత్తుకు ఎక్కి, తరువాత దిగుతుంది. అంటే ప్రయాణంలో ముందు పీడనం పెరిగి, ఆ తరువాత పడిపోతుంది. విమానాలలో, హెలికాప్టర్లలో రోగులను తరలించేవారు దీనిని ఎప్పటినుంచో లెక్కలోకి తీసుకుంటున్నారు. మనకు హెలికాప్టరు అక్కరలేదు, అదే దారిలోని అనంతగిరి మలుపులు చాలు.

దీనివల్ల షీటులో ఒక వాక్యం చేరింది: కొండ ప్రాంతం నుంచి ట్యూబుతో వచ్చిన ప్రతి బిడ్డకూ బల్ల మీదికి మార్చకముందే కఫ్ కొలవాలి. పంపేవారికి కూడా ఫోనులోనే రెండు మాటలు చెప్పాలనుకున్నాం: ఘాట్ ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి కఫ్ చూడమని. అంబులెన్సులో మానోమీటరు ఉండదు కాబట్టి, లీకు శబ్దం ఆగేంత వరకే గాలి ఎక్కించి అక్కడే ఆపమని చెప్పడం ప్రస్తుతానికి చేయగలిగింది.

సెప్టెంబరు, మొదటి వారం

ప్రతి వారం మొదటి కొలతలో 20 దాటిన కేసుల నిష్పత్తిని వారం వారం మార్పును చూపే ఒక రన్ చార్టు మీద చుక్కలుగా పెడుతున్నాం. మధ్యరేఖకు ఒకే పక్కన వరుసగా ఆరు చుక్కలు పడితేనే మార్పు వచ్చిందని ఒప్పుకోవాలని మొదటే రాసుకున్నాం. చుక్కలు కిందికే వస్తున్నాయి గాని ఆ ఆరు ఇంకా పూర్తికాలేదు, కాబట్టి విభాగ సమావేశంలో ప్రజంటేషన్ ఇవ్వమన్న మాటను వాయిదా వేయించాను. గొంతు గరగర సంగతి ఈ చార్టుతో తేలదు. అది అరుదుగా వచ్చేది, మా కేసుల సంఖ్యతో దానిలో తేడా చూపించాలంటే ఏళ్లు పడుతుంది. పీడనం అదుపులో ఉందా లేదా అన్నదానికి మాత్రమే ఈ చార్టు జవాబు చెబుతుంది.

హద్దు దాటిన కేసులను విడదీసి చూస్తే ఎక్కువ భాగం రాత్రి అత్యవసర కేసులే. కారణం వెతకడానికి కష్టపడనక్కరలేకపోయింది: పగటి థియేటర్లలో మానోమీటరు మత్తు యంత్రానికి గొలుసుతో వేలాడుతోంది, రాత్రి థియేటరుది బీరువాలో ఉంది, తాళంచెవి ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గర ఉంటుంది. పోతుందన్న భయంతో దాచారు, ఆ భయం అన్యాయమైనది కాదు. టెక్నీషియన్ ఇప్పుడు దానికి కూడా గొలుసు తెచ్చాడు. ఈ వారం దానిని యంత్రానికి బిగించి, నీటి చెక్కతో సరిచూసిన తేదీని దాని వెనుక అతికించిన తరువాతే 3.0, 3.5 సైజు కఫ్ ట్యూబులకు కొత్త ఇండెంట్, అంటే తెప్పించమన్న కోరిక పత్రం, పెడతాం.